ఇసుమంత సెలీనియము

2009వ సంవత్సరము ఏప్రిలు మాసమున అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమందు, వెల్లింగ్టను పట్టణమున, ఆ దేశమున మిక్కిలి ప్రతిష్ఠ గల పోలో పోటీ జరుగుచుండగా, వెనెజులా జట్టునకు చెందిన 21 మేలుజాతి గుఱ్ఱములు ఆటకు దిగవలసిన సమయమునకే తూలి, నేలకొరిగి, ఒకదాని వెంట నొకటి ప్రాణములు విడిచినవి. వానికి శత్రువు లెవ్వరును విషము పెట్టలేదు. పరుగువలన డస్సిన కండరములు త్వరగా తేరుకొనవలెనను సదుద్దేశముతో, విటమినులును పొటాషియము, మెగ్నీషియము, సెలీనియము అను ఖనిజములును కలిపి ప్రత్యేకముగా ఒక మందుల తయారీశాలలో చేయించిన సూదిమందును వాని సంరక్షకులే వానికి ఇప్పించి యుండిరి. ఆ మిశ్రమమున సెలీనియము పాలు తప్పినది. రాష్ట్ర ప్రభుత్వపు పరీక్షలలో ఆ గుఱ్ఱముల నెత్తుటియందు సెలీనియము ఉండవలసినదానికి పది పదునైదు రెట్లున్నట్లు తేలినది.

ఈ సంగతి నిపుడు జ్ఞప్తికి తెచ్చుటకు కారణము కలదు. హైదరాబాదు మొదలు మండల కేంద్రముల వఱకు వ్యాయామశాలలు వెలసిన యీ కాలమున, వాని సరసనే ప్రొటీను పౌడర్లమ్ము దుకాణములును వెలసినవి. ఆ దుకాణములలోని డబ్బాల వెనుక అచ్చు వేసిన ఖనిజముల పట్టికలలో సెలీనియము పేరు తఱచుగా కానవచ్చుచున్నది. కొనువాడు ఆ పేరు చదువడు. చదివినను దాని ప్రక్కనున్న అంకెకు అర్థ మేమో విచారింపడు. 'కండకు మంచిది, వేసుకో అన్నా' అని అమ్మువాడు చేతులు దులుపుకొనును. కండకు మంచిదనుట అసత్యము కాదు. కాని ఎంత వఱకు మంచిది, ఎవరికి మంచిది, కొనువాని కంచములో ఇదివఱకే ఎంత యున్నది అను ప్రశ్నలను విడిచిపెట్టి ఆ సత్యమును పలుకుట, అసత్యముకంటె ప్రమాదకరమైన పని. ఆ ప్రశ్నలకు దుకాణదారు బదులు చెప్పజాలడు. ఆ మాటకు వచ్చినచో వైద్యుడును చెప్పజాలడు. మన నేలను, మన ధాన్యమును, మన నెత్తురును కొలిచి ప్రభుత్వమే చెప్పవలసిన బదులది. ఆ పని జరుగక పూర్వము సెలీనియమును మందుగా గాని, బలముగా గాని, ఎరువుగా గాని జనసామాన్యమునకు పంచ బూనుట తగదని నా వాదము.

ఆవర్తన పట్టికలో గంధకమునకు సరిగా క్రింది గదిలో నుండు మూలకమిది. 1817లో స్వీడను దేశీయుడైన రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్, గంధకామ్లమును చేయు కర్మాగారమున అడుగు దిగిన ఎఱ్ఱని మడ్డిలో దీనిని కనుగొనెను. అటుపిమ్మట నూఱేండ్లకు పైగా జీవశాస్త్రమున దీనికి దక్కిన స్థానము విషస్థానమే. అమెరికాలో దక్షిణ డకోటా మున్నగు మైదాన ప్రాంతములందు పశువులు వెండ్రుకలు రాలి, గిట్టలు చిట్లి, కుంటుచు మేతకు పోలేక చచ్చుచుండగా, ఆ నేలలో మొలచిన గడ్డియందును గింజలయందును చేరిన సెలీనియమే ఆ వ్యాధికి మూలమని 1930ల దశకమున తేలినది. 1943లో ఎలుకల కాలేయమున అది కంతులు పుట్టించునని కూడ ప్రకటింపబడినది. ఇట్టి అపకీర్తి గల పదార్థమును గూర్చి 1957లో, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో పనిచేయుచుండిన క్లాస్ ష్వార్ట్జ్, తన సహచరుడగు ఫోల్ట్జ్‌తో కూడి, ఒక జాతి ఈస్టును మాత్రమే తిని కాలేయము కుళ్ళి చచ్చు ఎలుకలను బ్రతికించునది ఇదియే యని చాటినపుడు, వినినవారు విస్తుపోవుటలో వింత లేదు.

కండరముల కథ ఆ మఱుసటి యేటనే మొదలైనది. అమెరికాలో ఆరిగన్ రాష్ట్రపు గొఱ్ఱెల కాపరులకు చిరకాలముగా తెలిసిన వ్యాధి యొకటి కలదు; దానిని వారు తెల్లకండ జబ్బందురు. పుట్టిన కొలది వారములకే గొఱ్ఱెపిల్ల వెన్ను వంచుకొని, కాళ్ళు కొయ్యబారి, తల్లి పొదుగు చేరలేక నిలుచుండిపోవును; కొన్ని పిల్లలు చూపులకు నిక్షేపముగా నుండియు, తఱిమినపుడు నాలుగు గంతులు వేసి గుండె ఆగి కూలును. చచ్చిన పిల్ల తొడను కోసి చూచినచో, ఎఱ్ఱగా నుండవలసిన మాంసమున తెల్లని చారలు సమాంతరముగా కనబడును. సున్నపు పదార్థము కండపోగులలో పేరుకొనుటచే ఏర్పడిన చారలవి. మ్యూత్, ఓల్డ్‌ఫీల్డ్ మున్నగు ఆరిగన్ పరిశోధకులు చూలు గొఱ్ఱెల మేతలో లేశమాత్రము సెలీనియము కలిపి, పుట్టిన పిల్లలకు ఆ జబ్బు రాకుండ చేసి, 1958లో ఆ ఫలితమును ప్రకటించిరి. న్యూజిలాండు కాపరులు ఆ విద్యను అందిపుచ్చుకొని తమ మందలను కాపాడుకొనిరి.

అంత స్వల్పమగు పదార్థము అంత పెద్ద కండను ఎట్లు నిలబెట్టుచున్నది? కండ పనిచేయునపుడు ప్రాణవాయువును విరివిగా వాడును. ఆ వాడకములో కొంత భాగము దారి తప్పి హైడ్రోజన్ పెరాక్సైడు వంటి తీక్ష్ణ పదార్థములుగా మారును. గాయము కడుగుటకు వైద్యులు వాడు పదార్థమే యిది. కణములోపల నిలువ యుండిపోయినచో కణపు పొరలోని కొవ్వును కాల్చివేయును. పొర చెడినచో వెలుపలి కాల్షియము లోపలికి వఱదవలె వచ్చిపడును. తెల్లచారలకు మూల మచ్చటనే కలదు. ఈ పెరాక్సైడును నిరపాయమగు నీరుగా మార్చు గ్లుటాథియోన్ పెరాక్సిడేజ్ అను ఎంజైమును 1957లోనే గుర్తించిరి గాని, దాని క్రియాస్థానమున కూర్చున్నది సెలీనియమని 1973లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున రోట్రక్ మున్నగువారు నిరూపించు వఱకు రెండు కథలును వేఱువేఱుగనే నడచినవి. గంధకము చేయదగిన పనినే సెలీనియము చేయుచున్నది. కాని గంధకముకంటె ఎన్నో రెట్లు చుఱుకుగా చేయుచున్నది. ఆ చుఱుకుదనమే మోతాదు మించినపుడు దాని విషత్వమునకును హేతువు.

జీవకణము ఈ మూలకమును తన ప్రొటీనులలో పొదుగుకొను విధము మఱింత విచిత్రము. సెలీనియము గల సెలీనోసిస్టీను అను అమైనో ఆమ్లము, బడిపుస్తకములలోని ఇరువది అమైనో ఆమ్లములకు పైగా 21వదిగా లెక్కింపబడుచున్నది. జన్యులిపిలో దానికి ప్రత్యేకమైన అక్షరము లేదు. సాధారణముగా 'ప్రొటీను ఇచ్చట ముగియవలెను' అని శాసించు విరామ చిహ్నమునే, వేఱొక సంకేతము తోడుండగా, కణము 'ఇచ్చట సెలీనోసిస్టీను నుంచుము' అని చదువుకొనును. సెలీనియము కొఱవడినచో చదువు తడబడి ప్రొటీను అర్ధాంతరముగా నిలిచిపోవును. మానవునియందు ఇట్టి ప్రొటీనులకు 25 జన్యువులున్నట్లు 2003లో లెక్క తేలినది. మన శరీరమందలి సెలీనియములో మూడవ వంతునకు అటునిటుగా కండరములయందే నిలువ యుండును. కొఱత వచ్చినపుడు మాత్రము దేహము మెదడును ముందుగా కాపాడుకొనును. కండరములును కాలేయమును తమ వంతును ముందుగా కోల్పోవును.

ఆ 25లో ఒకదానిని గూర్చి కొంత నిలిచి చెప్పవలసియున్నది. సెలీనోప్రొటీను-ఎన్ అను దాని జన్యువు చెడినచో, బిడ్డకు మెడ నిలువక, వెన్నెముక బిగుసుకొనిపోయి, నడువగలిగియు ఊపిరి తీయుటకు కష్టపడు అరుదైన కండర వ్యాధి కలుగునని 2001లో వెల్లడియైనది. కండ బిగియుటకు కాల్షియము కణద్రవములోనికి రావలెను. సడలుటకు ఆ కాల్షియమును తిరిగి దాని గిడ్డంగిలోనికి తోడి పోయవలెను. తోడిపోయు పంపునకు ఈ ప్రొటీను కావలి. అనగా కండకు బిగియుట ఎంత పనియో సడలుటయు అంత పనియే. మనము మాత్రము బిగిసిన కండనే చూచి మెచ్చుకొందుము. జన్యుదోషముగల అట్టి బిడ్డలకు సెలీనియపు మాత్రలు చికిత్స కాజాలవని కూడ ఇచ్చటనే చెప్పవలెను, ఏలయన పదార్థము లేకపోవుట వేఱు, పదార్థమును వాడుకొను పనిముట్టు లేకపోవుట వేఱు.

బిగియుట, సడలుట అను ఈ జంటపనిని యంత్రములచే చేయింప బూనిన ఇంజనీర్ల అనుభవము నాకు ఇచ్చట మిక్కిలి ఉపకరించుచున్నది. రోబోచేత సుత్తిదెబ్బ కొట్టించునపుడు పిడి కఠినముగా నున్నచో ప్రతి దెబ్బయు తిరుగబడి కీళ్ళలోని మోటారులను తాకి వానిని పాడుచేయును. అందువలన వంగుడు గల పిడిని అమర్తురు. వంగిన పిడి కొంత శక్తిని తనలో దాచి దెబ్బవేళ విడుచుటచే వేగము హెచ్చును, అదురును మోటారు వఱకు చేరదు. అయితే దెబ్బ పడిన పిమ్మట పిడి ఊగులాడును. ఊగుట అణగక మునుపే రెండవ దెబ్బకు పంపిన సుత్తి గురి తప్పును. దీనికి వారు చేయునదేమనగా, ఆజ్ఞను రెండుగా చీల్చి, నడుమ ఒక ఊపులో సగము కాలము విడిచి పంపుదురు. మొదటిది పుట్టించిన ఊపును రెండవది అణచును. 1957లో ఓ. జె. ఎం. స్మిత్ బీజము నాటిన ఈ పద్ధతిని 1990లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన సింగర్, సీరింగ్ అనువారు పెంచి పెద్దచేసిరి. కాని ఈ విద్య ఫలించుటకు నియమ మొకటి కలదు: ఆ పిడి సహజముగా ఎంతసేపటి కొకసారి ఊగునో ముందుగా తెలిసియుండవలెను. దానిని కొలువక పంపిన రెండవ ఆజ్ఞ ఊపును అణచుటకు మాఱు ఇనుమడింపజేయును. సెలీనియపు చరిత్రయందు ఈ నియమమును పాటించిన దేశములును, విస్మరించిన విద్వాంసులును కూడ కానవచ్చుచున్నారు.

చైనాలో హైలుంగ్‌జియాంగ్ రాష్ట్రమందలి కెషాన్ అను ప్రాంతమున 1935లో ఒక హృద్రోగము విజృంభించెను. గుండె కండరము మడిసి, గుండె ఉబ్బి, పిల్లలును, బిడ్డలను కనవలసిన వయసు స్త్రీలును ఎక్కువగా మరణించిరి. ఆ ఊరి పేరే వ్యాధికి పేరైనది. పిదప చూడగా ఈశాన్యము నుండి నైరృతికి దేశము పొడవునను ఒక పట్టీవలె ఆ వ్యాధి వ్యాపించియున్నట్లును, ఆ పట్టీయందలి నేల అంతయు సెలీనియము లేని నేల యైనట్లును తెలిసినది. 1974లో సిచువాన్ రాష్ట్రమున మియెన్‌నింగ్ ప్రాంతపు పిల్లలకు వారమున కొకసారి సోడియం సెలెనైటు మాత్రలిచ్చి పరీక్షించిరి. అయిదేండ్ల వఱకు గలవారికి అర మిల్లీగ్రాము, ఆరు మొదలు తొమ్మిదేండ్ల వారికి ఒక మిల్లీగ్రాము. మందు లేని మాత్ర తినిన 3,985 మందిలో 54 మందికి వ్యాధి రాగా, మందు తినిన 4,510 మందిలో 10 మందికి మాత్రమే వచ్చెను. మఱుసటి యేటను ఫలితము అట్లే యుండుటచే, 1976 నుండి అందఱికిని మందే ఇచ్చిరి. పోషకాహార శాస్త్రచరిత్రలో ఇంత నిష్కర్షగా తేలిన పరీక్షలు కొన్నియే.

అయినను కథ అంతటితో ముగియలేదు. కెషాన్ వ్యాధి ఋతువును బట్టి, సంవత్సరమును బట్టి హెచ్చుచు తగ్గుచు నుండుట కేవలము నేల కొఱతచే పొసగదు. నేల ఋతువు ఋతువునకు మారదు గదా. 1990ల దశకమున అమెరికాలో మెలిండా బెక్, ఆర్విల్ లెవాండర్ అనువారు, గుండెకు హాని చేయని కాక్సాకీ వైరస్ రకమును సెలీనియము లేని మేత తినిన ఎలుకలలో ప్రవేశపెట్టగా అది వాని గుండెను చెఱచినది. అంతకంటె ఆశ్చర్యకరమైనది ఏమనగా, ఆ ఎలుకల నుండి తీసిన వైరస్ చక్కగా మేసిన ఎలుకల గుండెను కూడ చెఱచినది. పోషణ లేని దేహమున వసించుటచే వైరస్ తన జన్యులిపినే మార్చుకొనినదన్న మాట. బీదవాని కంచములోని కొఱత బీదవానితోనే ఆగునని ధీమాగా నుండువారు ఈ ప్రయోగమును రెండుమాఱులు చదువుట మంచిది.

అదే చైనాలో, హూబే రాష్ట్రమందలి ఎన్‌షీ ప్రాంతమున 1960ల తొలినాళ్ళలో పల్లెవాసులకు జుట్టును గోళ్ళును ఊడిపోయినవి. అచ్చటి బొగ్గు రాతిలోని సెలీనియము నేలలోనికిని, నేల నుండి పైరులోనికిని చేరుటయే దానికి హేతువని పిమ్మట కనుగొనిరి. ఒకే దేశము, ఒకే ప్రభుత్వము, ఒకే అన్నము. ఒకచోట లేమిచే గుండె ఆగినది, మఱియొకచోట అతిచే గోళ్ళు రాలినవి. దేశమంతటికిని ఒకే మోతాదు నిర్ణయించు అధికారి ఎవడైనను అచ్చట నుండియున్నచో ఈ రెండు ప్రాంతములలో ఒకదానికి తప్పక అపకారము చేసియుండును.

కొలిచి దిద్దిన దేశమునకు ఉదాహరణము ఫిన్లాండు. ఆ దేశపు నేలలు ఆమ్లగుణము గలవి; వానిలోని సెలీనియము ఇనుముతో పెనవైచుకొని వేళ్ళకు అందదు. 1970లలో ఫిన్లాండు జనుల దినాహారమున సెలీనియము 25 మైక్రోగ్రాముల ప్రాంతమున మాత్రమే యుండెను. మాత్రలు పంచక, ఎరువులోనే కలుపవలెనని 1984లో ప్రభుత్వము నిశ్చయించి, ధాన్యపు పైరుల ఎరువున కిలోకు 16 మిల్లీగ్రాములు, గడ్డి ఎరువున 6 మిల్లీగ్రాములు చొప్పున సెలెనేటు చేర్పించెను. మొక్క మధ్యనుండుట వలన మోతాదునకు ఒక సహజమైన ఆనకట్ట యేర్పడునన్నది వారి తర్కము. వారి గొప్పతనము కలుపుటయందు లేదు, కలిపిన పిమ్మట ఊరకుండక పోవుటయందు కలదు. ఏటేట ధాన్యమును, పాలను, మాంసమును, మంచినీటిని, మనుష్యుల నెత్తుటిని పరీక్షించుచు, దినాహారమున అది 110 మైక్రోగ్రాములు దాటుట చూచి 1990లో అన్ని ఎరువులలోను 6 మిల్లీగ్రాములకు తగ్గించిరి. మఱీ తగ్గినదని 1998లో 10కి, 2007లో 15కి పెంచిరి. పెంచుటకు తగ్గించుటకు సిగ్గుపడని ప్రభుత్వము నాకు ఎంతయో ముచ్చటగా తోచును. దీనివలన గుండెజబ్బులు తగ్గునని కొందఱు ఆశపడిన మాట నిజమే. గుండెజబ్బులు తగ్గినవి కూడ. కాని ఎరువున సెలీనియము కలుపని దేశములలోను అట్లే తగ్గుటచే ఆ కీర్తిని దీనికి కట్టబెట్టుటకు వీలు లేకపోయినది.

కొలువక దిద్దబూనిన ఉదాహరణము అమెరికాలోనే కలదు. 1996లో ప్రకటితమైన ఒక చిన్న పరిశోధన సెలీనియము కేన్సరును నివారింపవచ్చునను ఆశ రేపగా, 2001 మొదలు 35,533 మంది పురుషులను చేర్చుకొని, నెత్తుటిలో ఎవరికెంత సెలీనియమున్నదో చూచి ఏరుకొనుట లేకుండనే, సెలీనియపు వంతు వచ్చినవారికెల్ల దినమునకు 200 మైక్రోగ్రాముల చొప్పున ఇచ్చిరి. అమెరికా గోధుమలలో సెలీనియము పుష్కలము. 2008లో ప్రయోజనము లేదని ఆ పరిశోధనను ఆపివేసిరి. ముందే సెలీనియము సమృద్ధిగా నున్నవారికి ఆ మాత్రలు తీవ్రమైన ప్రోస్టేటు కేన్సరు ముప్పును హెచ్చించినవని 2014లో తేలినది. తొలి పరిశోధనలో పాల్గొన్నవారినే మఱల పరిశీలింపగా మాత్రలు తినినవారిలో మధుమేహము హెచ్చినట్లు అంతకు ముందే 2007లో కనబడినది. ఊపు కాలము నెఱుగక పంపిన రెండవ ఆజ్ఞ యన్న ఇదియే.

ఇక కండబలము మాట. సెలీనియము బొత్తిగా అందనివారికి కండరముల నొప్పియు బలహీనతయు కలుగుట నిజము; నోటితో తినలేక సిరల ద్వారా మాత్రమే ఆహారమెక్కించుకొను ఒక రోగియందు, న్యూజిలాండున 1979లోనే దానిని గమనించి, సెలీనియమిచ్చి బాగుచేసిరి. ఇటలీలో టస్కనీ ప్రాంతపు 65 ఏండ్లు దాటిన 891 మందిని పరిశీలించి, నెత్తుట సెలీనియము తక్కువగా నున్నవారి పట్టును మోకాటి బలమును కూడ తక్కువగా నున్నవని 2007లో ప్రకటించిరి. ఇది సాహచర్యమే గాని కారణత్వము కాదు. చక్కగా తినలేని వృద్ధునకు సెలీనియమొక్కటియే తక్కువగా నుండదు. తగినంత కలవానికి మఱింత పోసినచో ఎంజైము మఱింత పనిచేయదు. దాని క్రియాస్థానములన్నియు నిండిన పిమ్మట మిగిలినది మూత్రముతోను ఊపిరితోను పోవలెను. అతిగా తినినవాని ఊపిరి వెల్లుల్లి వాసన కొట్టుట అందువలననే. వ్యాయామశాలకు పోవు యువకునకు నేను చెప్పదలచిన శాస్త్రమంతయు ఇంతే.

మోతాదు ఇరుకుదనమును అంకెలలో చూడుడు. మన హైదరాబాదు తార్నాకలో నున్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము పెద్దలకు దినమునకు 40 మైక్రోగ్రాములు చాలును. యూరపు ఆహార భద్రతా సంస్థ 2023లో, దినమునకు 255 మైక్రోగ్రాములు మించరాదని హద్దు గీచినది. అనగా చాలును అనుటకును చాలించుము అనుటకును నడుమ ఆరు రెట్ల యెడము మాత్రమే. సి విటమినునకు ఆ యెడము ఇరువది రెట్లకు పైబడియున్నది. 2008లో అమెరికాలో ఒక ద్రవౌషధపు సీసాపై 200 మైక్రోగ్రాములని అచ్చువేసి యుండగా లోపల 40,800 మైక్రోగ్రాములుండుటచే 201 మంది జబ్బుపడిరి. ఆరోగ్యవంతులే ఆరోగ్యము కొఱకు త్రాగిన మందది.

మన దేశమున సెలీనియపు సమస్య ముందుగా కానవచ్చినది పంజాబునందు. హోషియార్‌పూర్, నవాన్‌షహర్ జిల్లాలలో, శివాలిక్ కొండల నుండి వాననీరు మోసికొని వచ్చిన మట్టి పేరుకొన్న చోట్ల, గోధుమ మొలకలు మంచువలె తెల్లబాఱుటయు, గేదెల గిట్టలు చిట్లి కొమ్ములు ఊడుటయు చూచి, పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందిన ధిల్లాన్ మున్నగు శాస్త్రజ్ఞులు దశాబ్దముల తరబడి పరిశోధించి ఆ పొలముల పటము గీచిరి. వారు సూచించిన ఉపాయములలో జిప్సము చల్లుట యొకటి; అందలి గంధకమునకును సెలీనియమునకును గల పోలికచే మొక్క వేళ్ళు ఒకదానికి బదులు మఱొకదానిని గ్రహించును. రైతుకు అందుబాటులో నున్న చౌక వైద్యమది. ఒక్క సంగతి మాత్రము ఆ పొలముల గట్లలోపల ఆగదు: ఆ పొలములలో పండిన గింజ.

2024 చివరను, 2025 మొదటను మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లా, శేగావ్ తాలూకా పల్లెలలో ఆడ మగ, చిన్న పెద్ద భేదము లేక జనుల తలలు కొలది దినములలోనే బోడులగుటయు, పిదప కొందఱికి గోళ్ళు ఊడుటయు పత్రికలలో అందఱును చదివిరి. తేలుకాటు చికిత్సచే ప్రఖ్యాతుడగు వైద్యుడు హిమ్మత్‌రావ్ బావస్కర్, దానికి రేషను గోధుమలలోని మితిమీరిన సెలీనియమే హేతువని వాదించెను. ఆయన వాదము సంపూర్ణమా కాదా అను వివాదమున నేను దిగను. ధాన్యము దేశమంతట ప్రయాణించు వ్యవస్థలో, రేషను సంచిపై రకము, తేమ, నూకల పాలు పరీక్షించువారమే గాని ఖనిజపు పాలు పరీక్షించువారము కాముగదా యని మాత్రము అడుగుచున్నాను.

తెలుగు నేలకు ఈ పాఠము కొత్తది కాదు. 1937లో మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో, బావినీటి ఫ్లోరైడు వలన మనుష్యుల వెన్నుపూసలు అతుకుకొని బిగిసిపోవుచున్నవని షార్ట్ మున్నగు వైద్యులు లోకమునకు తెలిపిరి. పిమ్మట నల్లగొండ పేరు ఆ వ్యాధికి పర్యాయపదము వంటిదైనది. ఫ్లోరైడును పంటికి మంచిదే, మితమున. భూమిలోని ఒక మూలకము నీటి ద్వారా ఎముకకు చేరి తరములను వంచివేయుట కన్నులారా చూచిన జాతి, భూమిలోని మఱియొక మూలకము అన్నము ద్వారా కండకు చేరుటను గూర్చి ఉపేక్షించుట న్యాయము కాదు.

2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్యపత్రమున పండ్రెండు కొలతలు గలవు: నత్రజని, భాస్వరము, పొటాషు, గంధకము, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాను, ఉదజని సూచిక, లవణ వాహకత, సేంద్రియ కర్బనము. అన్నియు మొక్క కోరునవే. మొక్కకు సెలీనియమక్కఱలేదు గనుక ఆ పత్రమున దానికి గడి లేదు. తినువాని కక్కఱ యున్నదను విషయము వ్యవసాయ శాఖ యెఱిగినను అది వేఱొక శాఖ పని యనుకొనియుండును. ఇందలి వింత యేమనగా, గోదావరి జిల్లాలలోను రంగారెడ్డి ప్రాంతమునను కోళ్ళఫారములు నడుపువాడు తన దాణాలో సెలీనియమెంతో ఎఱుగును; అమెరికాలో కోళ్ళ దాణాకు 1974లోనే దానిని అనుమతించిరి; లోకమంతటను ఆ వాడుక స్థిరపడినది. కోడి తినునది మైక్రోగ్రాములలో లెక్కింపబడుచున్నది; కోడిని పెంచువాని బిడ్డ తినునది లెక్కింపబడుట లేదు.

ఇనుము చాలక పాలిపోవు తల్లులున్న దేశమున సెలీనియపు ముచ్చట విలాసము కాదా యని ఒకరు అడుగవచ్చును. రక్తహీనతయే ముందు, సందేహము లేదు. నేను కోరునది మఱియొక పంపిణీ పథకమును కాదు. రేషను బియ్యములో ఇదివఱకే ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి-12 చేర్చియున్నారు. రేపెవడో ఉత్సాహవంతుడు అందులో సెలీనియమును కూడ చేర్చుదమనునపుడు, ఔనని గాని కాదని గాని అనుటకు ఆధారముగా కొన్ని అంకెలుండవలెనని మాత్రమే నా కోరిక. ప్రతి చెలకను పరీక్షింప నక్కఱ లేదు. మండలమునకు కొన్ని మట్టి నమూనాలు, వానితో పాటు ఆయా బోరుబావుల నీరు, ఆ పొలములలో పండిన వడ్లు, ఆ యిండ్లలోని చూలాండ్ర, వృద్ధుల నెత్తురు చాలును. పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయాహార సంఘటన పట్టికలో సెలీనియపు వరుస కలదు. కొలుచు విద్య తార్నాకలో నున్నది. ఆచార్య రంగా, ఆచార్య జయశంకర్ పేర్లుగల రెండు వ్యవసాయ విశ్వవిద్యాలయములు మట్టి తెచ్చి ఇచ్చినచో, రెండు రాష్ట్రములును జలవివాదములను ఒక ప్రక్కకు నెట్టి ఒక్క పటమును కలసి గీయవచ్చును. ఆహార భద్రతా శాఖవారు ప్రొటీను డబ్బాలను కొని తెచ్చి, అచ్చువేసిన మైక్రోగ్రాములును లోపలి మైక్రోగ్రాములును ఒకటేనా యని చూచుటకు పటము వచ్చు వఱకు ఆగనక్కఱ లేదు. ఆ పని రేపుదయమే మొదలిడవచ్చును.

ఆ లోపున, కండ పెంచదలచిన కుఱ్ఱవాడు ఏమి చేయవలెనందురా? ఒక కోడిగ్రుడ్డున సుమారు 15 మైక్రోగ్రాముల సెలీనియమున్నది. సముద్రపు చేపయందు అది సమృద్ధము. పప్పుధాన్యములు, గోధుమలు, మాంసము తమ తమ వంతు చేర్చును. కండరములు తఱచు నొచ్చుచున్నచో సెలీనియము డబ్బా కొనుటకు ముందు డి విటమినును, థైరాయిడును పరీక్షింపించుకొనవలెను. కొలెస్టరాలు తగ్గించు మాత్రలు వాడుచున్న పెద్దలైనచో ఆ సంగతి వైద్యునితో చెప్పవలెను. నడివయసున వచ్చు కండనొప్పులకు సెలీనియముకంటె ఇవియే తఱచుగా కారణమగుచుండును.